తీపి లేని పళ్ళెం

కిందటి వారం బులోర్‌ని ఉపవాసం మీద వదిలి వచ్చాం. పూరీం పండుగ ముందురోజు ఎస్తేరు రాణి పేరు చెప్పి మా బుఖారా యూదుల మొహల్లా ఆడవాళ్ళంతా ఉండే ఉపవాసమే అది. కాకపోతే ఈ ఏడు బులోర్ ఒక కోరిక పెట్టుకుని మరీ ఉంది. చలికాలం మొదట్లో నూలు అద్దకం పని మీద కర్షీ వెళ్ళిన మొగుడు ఇల్యావు పండుగ నాటికైనా ఇల్లు చేరాలి. ఇంతకు మించి ఆమె ఏమీ అడగలేదు. ఎప్పుడు కనుక్కోబోయినా బావగారు పిన్హాస్ దగ్గర ఒకటే జవాబు. "దారులు మంచుతో మూసుకుపోయాయమ్మా, కరగనియ్యి, వాడే వస్తాడు." మంచు కరిగింది. కర్షీ నుంచి ఒంటెలొచ్చాయి, గాడిదలొచ్చాయి, పెళ్ళాలతో పోట్లాడి పారిపోయిన మహానుభావులు కూడా తలొంచుకుని ఇళ్ళకు చేరారు. ఇల్యావు జాడ మాత్రం లేదు.

ఆ రాత్రి ప్రార్థన మందిరంలో చెక్క జాలీ వెనక, ఆడవాళ్ళ మధ్య కూర్చుని బులోర్ ఎస్తేరు కథ వింది. యూదులందర్నీ చంపించబోయిన మంత్రి హామాను పేరు వచ్చిన ప్రతిసారీ అందరూ నేల అదిరేలా కాళ్ళు కొడుతుంటే ఆమె కూడా కొట్టింది. మడమ నొప్పి పుట్టేదాకా కొట్టింది. అంత కోపమూ హామాను మీదేనా అంటే, నన్నడిగితే కాదంటాను.

తెల్లారింది. పూరీం పొద్దున్న మా వీధిలో మనుషుల కంటే పళ్ళేలే ఎక్కువ తిరుగుతాయి. మగవాళ్ళు రెండోసారి ఎస్తేరు గ్రంథం విని, గుమ్మంలో కూర్చున్న బీదవాళ్ళ చేతుల్లో పెట్టాల్సింది పెట్టి, పట్టపగలు తాగడానికి దేవుడే ఒప్పుకున్నాడన్న సంతోషంతో ఇళ్ళకు చేరతారు. మిగతా పండుగంతా ఆడవాళ్ళ నెత్తినే. కనీసం ఒక మనిషికి, కనీసం రెండు రకాల తినుబండారాలు, పొద్దు గుంకే లోపు పంపించాలి. ఆజ్ఞ అంతవరకే. మావాళ్ళు దాన్ని అక్కడితో ఆపితేగా. ఎవరింటి పళ్ళెం ఎవరింటికి ముందు వెళ్ళింది, ఎవరి హల్వాలో అక్రోట్లు ఉన్నాయి, ఎవరి హల్వాలో వట్టి పిండే ఉంది, ఇవన్నీ మళ్ళీ పూరీం వచ్చేదాకా జ్ఞాపకం పెట్టుకుంటారు.

బులోర్ మొదటి పళ్ళెం పెద్దింటికే పంపింది. పెద్దిల్లంటే పిన్హాస్ ఇల్లు. అత్తగారు ఫ్రెహా ఉండేది అక్కడే. మొగుడు దగ్గర లేకపోయినా మర్యాదకి లోటు రాకూడదని ఉన్న అక్రోట్లన్నీ ఆ హల్వాలోనే పోసింది. ఎండ వాకిట్లోకి దిగే వేళకు పెద్దింటి నుంచి జవాబుగా పళ్ళెం వచ్చింది. తెచ్చిన పనిమనిషి దాన్ని గడప మీద పెట్టి, చేతిలో మిఠాయి పడేదాకా కూడా నిలబడకుండా వెళ్ళిపోయింది. ఆ మనిషి మిఠాయి వదులుకుని వెళ్ళగా మా వీధిలో ఎవరూ చూడలేదు. బులోర్ అప్పుడే అనుమానపడాల్సింది.

బుటాల గుడ్డ తీసి చూస్తే ఒక గుండ్రటి రొట్టె, రెండు ఉడికిన గుడ్లు, చిటికెడు ఉప్పు. గుడ్లు పెంకు ఒలిచి తెల్లగా, తడిగా ఉన్నాయి. హల్వా లేదు, సమోసా లేదు, ఎండుద్రాక్ష ఒక్కటి లేదు.

కూతురు తమార్ ఆరేళ్ళది. రొట్టె ఎత్తి కింద చూసింది, గుడ్డ దులిపి చూసింది. "పెద్దమ్మ హల్వా మర్చిపోయిందా అమ్మా?"

"మర్చిపోలేదు తల్లీ. గుర్తుపెట్టుకుని మరీ పంపింది" అంది బులోర్.

ఆమె ఒళ్ళు మండిపోయింది. చలికాలమంతా ఎన్ని మాటలన్నా పడింది. ఇల్యావు కబురు అడగబోతే విసుక్కున్నారు, ఊరుకుంది. నూలు కండెలు చుట్టే పని తగ్గించేశారు, ఊరుకుంది. పండుగపూట పసిపిల్ల ముందు గుడ్లు పంపారు, ఇక ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. తమార్‌ని పక్కింటి రివ్‌కో వాకిట్లో దించి, పళ్ళెం మీద గుడ్డ మళ్ళీ కప్పి, ఒక చేత్తో నడుముకి ఆనించి పట్టుకుని బయల్దేరింది.

"ఇదేం చోద్యమే, పళ్ళెం వెనక్కి నడుస్తోంది" అంది రివ్‌కో నవ్వుతూ. "హామానుకి గానీ పంపుతున్నావా?"

"వాడింటికే" అంది బులోర్, ఆగకుండా.

వీధి మలుపులో పిల్లలు మంచుతో హామానుని నిలబెట్టారు. మార్చి ఎండకి మిగిలిన మురికి మంచునంతా పోగుచేసి బొజ్జ పెట్టి, బొగ్గు కళ్ళు పెట్టి, పగిలిన కుండ కిరీటం పెట్టారు. సాయంత్రం దాని చుట్టూ మంట వేసి, కరిగి నీరయ్యేదాకా పాడతారు. బులోర్ దాని పక్కనుంచి వెళుతూ కిరీటాన్ని చేత్తో ఒక్కటిచ్చింది. పిల్లలు గోలపెట్టారు. ఆమెకి వినిపించలేదు.

పెద్దింటి వాకిలి పెళ్ళివారిల్లులా ఉంది. నిజానికి దాదాపు అదే సంగతి. మొహల్లా పెద్ద కొడుక్కి పిన్హాస్ పెద్దకూతుర్ని ఇచ్చే మాట ఆ మధ్యాహ్నం విందులో ఖాయం కావాలి. పొయ్యి మీద పలావు గుండిగ పొగలు కక్కుతోంది. అరుగు మీద దుప్పటి పరిచి, దానిమీద వరసగా పళ్ళేలు. ప్రతి పళ్ళెంలో హల్వా ఇటుకలా మందంగా ఉంది. బులోర్ కన్ను ముందు వాటి మీదే పడింది. తోడికోడలు మజోల్ పిండి చేతులతో వాటి మీద గుడ్డలు కప్పుతోంది. అత్తగారు ఫ్రెహా ఎత్తు బల్ల మీద కూర్చుని అక్రోట్లు కొట్టి పప్పు తీస్తోంది.

"అక్కా" అంది బులోర్.

మజోల్ తిరిగింది. ఆమె చూపు ముందు చేతిలోని పళ్ళెం మీద ఆగింది, తర్వాతే మనిషి మీదికి వచ్చింది.

"ఇదేంటక్కా?"

"పండుగ పళ్ళెం వెనక్కి తేకూడదు బులోర్. మంచిది కాదు."

"మంచిచెడ్డలు తర్వాత చూద్దాం. నేను నీ తోడికోడల్నా, మీ గుమ్మంలో చెయ్యి చాపేదాన్నా, అది చెప్పు ముందు. చెయ్యి చాపినవాళ్ళకి కూడా పొద్దున బావగారు ఇంతకంటే మంచిదే పెట్టారు. నా కళ్ళతో చూశాను."

"నెమ్మదిగా మాట్లాడు. అత్తయ్య వింటారు."

"విననీ. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు నీ పళ్ళెం మోయడానికి ఇద్దరు కావాల్సొచ్చేది. ఇప్పుడు నా వెనక మగాడు కనపడకపోయేసరికి నేను గుడ్లకి దిగిపోయానా? నా కూతురు రొట్టె ఎత్తి కింద వెతికిందక్కా, పెద్దమ్మ హల్వా అక్కడ దాచిందేమోనని. దాని మొహం చూసుంటే నీకు ఈ పలావు గొంతు దిగేది కాదు."

మజోల్ నోరు విప్పలేదు. మామూలుగా మజోల్‌తో పోట్లాటంటే ఒకటికి పది వచ్చి పడతాయి. ఈవేళ ఆమె తల దించుకుని పిండి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది. ఆ మౌనం బులోర్‌ని ఇంకా మండించింది. "ఏం, పలకవేం? మాట కూడా నాకు దానం చెయ్యనంటావా?" అంటూ పళ్ళెం తీసి వాకిట్లో బోర్లించింది.

రాగి పళ్ళెం ఇటుకల మీద ఖంగుమంది. రొట్టె అక్కడే పడింది. గుడ్లు దొర్లుకుంటూ వెళ్ళి, ఒకటి కాలవలో పడితే, రెండోది ఫ్రెహా కూర్చున్న బల్ల కాలికి తగిలి ఆగింది. ముసలావిడ వంగి దాన్ని తీసింది. తిట్టబోతుందనుకుని బులోర్ ఎదురు తిట్టు సిద్ధం చేసుకుంది. ఆవిడ తిట్టలేదు. గుడ్డుకి అంటిన మట్టి బొటనవేలితో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని పెంకు ఎవరు తీశారు?" అంది.

మజోల్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"మజోల్, నిన్నే. గుడ్డు పెంకు ఒలిచి మరీ ఎవరి చేతిలో పెడతామే మనం?"

మా వీధిలో చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగులు మొదట తీసుకెళ్ళేది గుండ్రటి రొట్టె, ఉడికిన గుడ్లు. ఏడుపులో ఉన్నవాళ్ళు తమ గుడ్డు తాము ఒలుచుకోకూడదని పెంకు తీసే ఇస్తారు. ఏడాది తిరిగేదాకా ఆ ఇంటికి పూరీం పళ్ళెంలో తీపి పంపరు. ఇది పిల్లలకి చెప్పరు, చెప్పాల్సిన రోజు వచ్చినప్పుడే తెలుస్తుంది. బులోర్ తల్లీతండ్రీ ఆమెకి ఊహ తెలియకముందే పోయారు, అత్తింట్లో ఆమె అడుగుపెట్టాక చావు లేదు. ఆమె చేతిలో ఒలిచిన గుడ్డు ఎవరూ పెట్టలేదు. ఫ్రెహా మొగుణ్ణి, ఇద్దరు బిడ్డల్ని మట్టిలోకి పంపించిన మనిషి.

మజోల్ ఉన్నచోటే కూలబడింది. "ఆయన మామూలుగానే పంపమన్నారు అత్తయ్యా. ఎప్పట్లాగే హల్వా, సమోసాలు, అన్నీ. అనుమానం రాకూడదన్నారు. హల్వా ముక్క చేతిలోకి తీసుకున్నాను. పెట్టబోయాను. ఏడాది తిరగని ఇంటికి తీపి పంపిన దాన్ననే పాపం నా పిల్లలకి కొడుతుందేమోనని చెయ్యి ఆడలేదు. చెప్పకూడదన్నారు, చెప్పలేదు. తీపి మాత్రం పంపలేకపోయాను."

"ఏ ఇల్లు ఏడాది తిరగనిది?" అంది బులోర్. "నా ఇల్లా?"

అప్పుడే గదిలోంచి పిన్హాస్ వచ్చాడు. విందుకని కొత్త పట్టు అంగీ వేసుకున్నాడు, నడుముకి యూదులమని తెలిసేలా మావాళ్ళందరూ కట్టుకోవాల్సిన తాడు. మోచేతుల దాకా నీలిమందు పట్టిన చేతులు. వాకిట్లో బోర్లాపడ్డ పళ్ళెం చూశాడు, తల్లి చేతిలో గుడ్డు చూశాడు, కూలబడ్డ పెళ్ళాన్ని చూశాడు. ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

ఫ్రెహా బల్ల దిగి కొడుకు దగ్గరికి నడిచింది. కర్ర లేకుండా నడిచింది. గుడ్డు ఒక చేతిలో ఉండగానే రెండో చేత్తో వాడి అంగీ పట్టుకుని బటన్లు తెగేలా లాగింది. లోపలి చొక్కా కుడి పక్కన, రొమ్ము దగ్గర జానెడు చింపు ఉంది. పైపైన దారంతో టాకా వేశారు. చావు కబురు వింటే మావాళ్ళు చొక్కా చింపుకుంటారు, తల్లీతండ్రీ పోతే ఎడమ పక్క. కుడి పక్క తోబుట్టువు కోసం.

"ఎప్పుడు చింపావురా?"

"అమ్మా, పండుగపూట..."

"ఎప్పుడు చింపావు?"

"నడి చలికాలంలో."

బులోర్ కేక పెట్టలేదు. నేల మీద కూర్చోలేదు. పిన్హాస్ ఎదురుగా వచ్చి నిలబడింది. "మంచు కరగనీ, వాడే వస్తాడు అన్నారు. వారం వారం అన్నారు. నేను నిన్న ఉపవాసం ఉన్నాను బావగారూ, చచ్చిన మనిషి ఇంటికి రావాలని. మీకు తెలిసే ఉండనిచ్చారా?"

"వాడు చావలేదు" అన్నాడు పిన్హాస్.

ఫ్రెహా అతని అంగీ వదిలేసింది.

"చావలేదు. చచ్చిన దాంతో సమానం. తలపాగా చుట్టి ముసల్మానుల్లో కలిశాడు." పిన్హాస్ వీధి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "కర్షీలో చలికి అంగీ మీద అంగీ వేసుకున్నాడు. నడుం తాడు లోపల ఉండిపోయింది. తాడు లేనివాడు యూదుడెలా అవుతాడు, మనవాడే అన్నాడు బజార్లో ఒకడు. వీడి నోట తమ మత ప్రమాణం విన్నానన్నాడు ఇంకొకడు. సాక్ష్యం పుట్టాక ఇంకేముంది, ఔనంటే ప్రాణం, కాదంటే తల. వీడు ఔనన్నాడు. ఇక వెనక్కి రావడానికి లేదు. వస్తే అప్పుడు తీస్తారు తల."

"ఎక్కడున్నాడు?"

"అదెందుకు ఇప్పుడు?"

"ఎక్కడున్నాడు బావగారూ?"

"ఇక్కడే. కుమ్మరి వీధిలో. వాళ్ళే తెచ్చి పెట్టారు."

కుమ్మరి వీధి మా మొహల్లాకి చెరువు అవతల. అక్కడ ఆవం కాలిస్తే ఆ పొగ మా పెరట్లోకి వస్తుంది. బులోర్ చలికాలమంతా కర్షీ దారి చూస్తూ కూర్చుంది. మొగుడు ఆ పొగ కింద ఉన్నాడు.

"మీరు చూశారా ఆయన్ని?"

"బజార్లో ఎదురుపడ్డాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ రోజే వచ్చి చొక్కా చింపుకున్నాను. నాకు తమ్ముడు లేడు."

"మీరు పలకరించారా?"

పిన్హాస్ నడుం తాడు సవరించుకున్నాడు.

"చెప్పండి. మీ తమ్ముణ్ణి, మీ వేలు పట్టుకుని రంగు తొట్టి దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి పేరు పెట్టి పిలిచారా? లేదు కదా. మరి మొహం తిప్పుకున్నది ఎవరు?"

"పిలిస్తే వాడి ప్రాణానికే ముప్పు. నీకేం తెలుసు?"

"నాకు తెలిసేలా ఎవరు చెప్పారు? రాత్రి మందిరంలో ముందు వరసలో కూర్చుని మీరేగా విన్నారు, ఎస్తేరు రాజు ఇంట్లో ఉండి తన జనమేదో, తన పుట్టుకేదో ఎవరికీ చెప్పలేదని. ఆమె అన్నం ఎవరింటిది తిందో, ఏ మంచం మీద పడుకుందో ఎవరైనా అడిగారా? ఆమెకి ఉపవాసం, ఆమెకి పండుగ, ఆమె పేరు ఊరంతా పిల్లలకి పెట్టుకుంటారు. నా మొగుడు ప్రాణం కోసం ఒక్క మాట అంటే అతనికి ఒలిచిన గుడ్లా?"

"ఎస్తేరు తన జనం మొత్తాన్ని కాపాడింది. వీడు తన తల కాపాడుకున్నాడు. రెండూ ఒకటేనా?"

"కాదు, ఒకటి కాదు. మీరేం కాపాడుకున్నారో కూడా చెప్పండి మరి."

"నీ కూతుర్ని." పిన్హాస్ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు అన్నాడు. "తలపాగా చుట్టినవాడి పిల్లలు కూడా అటువాళ్ళే. వాళ్ళ లెక్క అది. వాడికి పెళ్ళాం ఉందని, తమార్ ఉందని అక్కడ ఎవరికీ తెలీదు. తెలిసిన మర్నాడు వచ్చి పిల్లని తీసుకుపోతారు. నువ్వు గుమ్మం పట్టుకుని ఏడవడం తప్ప చేసేదేం ఉండదు. చచ్చినవాడి పిల్లల గురించి ఎవరూ ఆరా తీయరు. అందుకే చంపాను."

బులోర్‌కి ఆ మాట తగిలింది. తగల్లేదని నేననను. కానీ కోపంలో ఉన్న మనిషికి ఒక్కోసారి మామూలప్పటి కంటే కళ్ళు బాగా కనపడతాయి. ఆమె పొయ్యి మీది గుండిగ వైపు, అరుగు మీద పళ్ళేల వైపు, బటన్లు తెగిన పట్టు అంగీ వైపు చూసింది.

"నా కూతురి కోసమే అయితే నాకు చెప్పేవారు" అంది. "చెవిలో చెప్పి, నోరు కుట్టేసుకోవే అంటే కుట్టేసుకునేదాన్ని. పిల్ల కోసం నేను మూసుకోనా? అత్తయ్యకి చెప్పేవారు. కన్నతల్లి వీధిలో చాటుతుందా? ఇవాళ మొహల్లా పెద్ద ఇంటివాళ్ళు మీ పలావు తిని, మీ పిల్లని కోడలిగా ఒప్పుకునేదాకా ఈ ఇంట్లో ఎవరి మొహంలోనూ ఏడుపు కనపడకూడదు. తలపాగా చుట్టినవాడి అన్నకూతుర్ని ఎవరు చేసుకుంటారు? అదీ సంగతి. నా కూతుర్ని అడ్డం పెట్టుకుని మీ కూతుర్ని కాపాడుకున్నారు."

పిన్హాస్ మొహం నల్లబడింది. మజోల్ కొంగు నోట్లో కుక్కుకుంది. తప్పంతా వాళ్ళదే అని నేననలేను, ఆడపిల్ల తండ్రి భయం నాకూ తెలుసు. అయినా ఆ మగమనిషి మీద నాకు జాలి పుట్టడం లేదు.

ఫ్రెహా ఇంతసేపూ గుడ్డు పట్టుకునే ఉంది. ఇప్పుడు దాన్ని పొయ్యిలో పడేసింది.

"నేను కన్నవాణ్ణి పూడ్చేముందు నన్నొక మాట అడగాలనిపించలేదురా నీకు" అంది పెద్దకొడుకుతో. జవాబు కోసం ఆగలేదు. "మజోల్, లే. నా పెళ్ళినాటి పళ్ళెం తీసుకురా. వెండి అంచుది."

"అత్తయ్యా, అది మొహల్లా పెద్దగారింటికి అనుకున్నాం..."

"తీసుకురమ్మన్నాను."

పళ్ళెం వచ్చింది. ముసలావిడ అరుగు మీద అన్నిటికంటే మందమైన హల్వా ముక్క ఎంచి పెట్టింది, దాని పక్కన వెన్న రాసిన తీపి రొట్టెలు పేర్చింది, తను కొట్టిన అక్రోట్ పప్పు దోసిలితో పోసింది. ఒక్క పప్పు కింద పడలేదు.

"ఒక మనిషికి రెండు రకాలు. ఇదిగో, మూడు ఉన్నాయి" అంది బులోర్‌తో. "చచ్చినవాడికి ఎవరూ పూరీం పళ్ళెం పంపరు. మనం పంపామంటే వాడు బతికున్నట్టు. పొద్దు గుంకే లోపు వాడి చేతికి అందాలి. వెళ్ళు."

"అమ్మా, అక్కడ ఎవరైనా చూస్తే వాడి తల పోతుంది" అన్నాడు పిన్హాస్. అతని గొంతులో మొదటిసారి నిజమైన భయం వినిపించింది. "వాడు ఈ పండుగ చేస్తున్నాడని ఒక్కడు నోరు జారినా చాలు. బులోర్, తమార్‌ని తలుచుకుని అడుగు వెయ్యి."

"తలుచుకునే వేస్తున్నాను" అంది బులోర్. పళ్ళెం అందుకుంది. వీధి తలుపు బార్లా తీసి, గడప మీద నిలబడి, లోపలికి, బయటికి కూడా వినపడేలా అంది. "దాచడం అయిపోయింది బావగారూ. మీరు దాచింది చాలు. ఇక నన్ను ఎవరడిగినా చెప్తాను. నా మొగుడు ఇల్యావు. బతికే ఉన్నాడు. నేనతని పెళ్ళాన్ని. మీ విందు మీరు చేసుకోండి."

వీధిలో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. చూడనీ అనుకుంది. ఇన్నాళ్ళూ ఎవరో మూసిపెట్టిన మూతని తనే తన్ని తీసినట్టు ఒంట్లోకి బలం వచ్చింది. మంచు హామాను బొజ్జ జారి, ఒక బొగ్గు కన్ను కింద పడిపోయి ఉంది. ఆమె నడక ఆపలేదు. ఇంటికి వెళ్ళి ముసుగు వేసుకోవాలి, చెరువు గట్టున పోవాలి, కుమ్మరి వీధిలో తలుపు తలుపూ తట్టైనా సరే ఇల్యావు చేతిలో ఈ పళ్ళెం పెట్టాలి. తర్వాత అతన్ని కూడా నాలుగు అడగాలి. ఇదే ఊళ్ళో ఉండి చలికాలమంతా ఒక్క కబురు పంపడానికి చేతులు పడిపోయాయా అని.

రివ్‌కో వాకిట్లోంచే చెయ్యి ఊపింది. "ఎక్కడికి పోయావే ఇంతసేపు? మీ ఇంట్లో ఎవరో వచ్చి కూర్చున్నారు. ముసుగు మనిషి. మన మొహల్లా మనిషి కాదు. పళ్ళెం నాకిచ్చి వెళ్ళమంటే, ఇంటావిడ చేతికే ఇమ్మన్నారట, కదలనంది. తమార్ కూడా అక్కడే ఉంది."

బులోర్ లోపలికి నడిచింది.

గదిలో కిటికీ కింద ఒక చిన్నది కూర్చుని ఉంది, ఇరవై దాటి ఉండవు. గుర్రపు వెంట్రుకల ముసుగు తల మీదికి ఎత్తుకుంది. గోళ్ళ సందుల్లో ఎండిన బంకమన్ను. ఆమె పక్కనే తమార్, ఒళ్ళో గుడ్డ కప్పిన పళ్ళెం పెట్టుకుని, గుడ్డ మీది ముడిని వేలితో తడుముతూ కూర్చుంది. మాసిన నీలం గుడ్డ అది. ముడి మూడు చుట్లు తిప్పి, కొస లోపలికి, ఎడమ పక్కకి దోపారు. అద్దకానికి నూలు కట్టేవాళ్ళు వేసే ముడి. ఎడమ పక్కకి దోపేవాడు బుఖారా మొత్తానికి ఇల్యావు ఒక్కడే అని బులోర్ ఎప్పుడూ వెక్కిరించేది.

"సలాం అక్కా" అంది చిన్నది లేచి నిలబడి. "మీరేనా ఇంటావిడ? నా పేరు సాలిహా. మా ఆయన పంపించారు. రెండు రకాలు ఉన్నాయి లోపల, చూసుకోండి. రెండూ ఉండాలన్నారు, ఇంకొకరి చేత పంపించాలన్నారు, ఎండ ఉండగానే అందాలన్నారు. మళ్ళీ మళ్ళీ చెప్పారు. తను వస్తే అందరూ చూస్తారట, ముసుగులో ఆడమనిషినైతే ఎవరూ అడగరట."

బులోర్ చేతుల్లో అత్తగారి పళ్ళెం ఉంది. దించాలని తోచలేదు. "మీ ఆయన" అంది.

"అవును. ఈ చలికాలంలోనే నిఖా అయింది. నేను విధవని, ఆయన కొత్తగా మాలో చేరిన మనిషి, పెద్దవాళ్ళు ముడిపెట్టారు." సాలిహా మాటలో కల్లాకపటం ఏమీ లేదు. "మంచివాడే. నోరెత్తడు. రాత్రుళ్ళు మాత్రం నిద్రపోడు. నిన్న పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, ఎందుకంటే కడుపు బాగాలేదన్నాడు. ఇవాళ తనే కూర్చుని హల్వా కలిపాడు. మగాడు హల్వా కలపడం నేనెక్కడా చూడలేదు."

అంటే ఇల్యావు కూడా నిన్న ఉపవాసం ఉన్నాడు. ఇంకో ఆడదాని పొయ్యి ముందు కూర్చుని హల్వా కలిపాడు. బులోర్‌కి ఏడుపు రావాలో, ఎదురుగా ఉన్న పిల్ల జుట్టు పట్టుకోవాలో, అతని జుట్టే పట్టుకోవాలో తెలియలేదు.

సాలిహా తమార్ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసింది. చూసి, కొంచెంసేపు అలాగే పట్టుకుంది. ఆమె నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

"అక్కా, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి" అంది. "నిఖా రోజున సాక్షుల ముందు నాకెవరూ లేరన్నాడాయన. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, వెనక ఎవరూ లేరు అని ప్రమాణం చేశాడు. అలాంటి మనిషి నేను బయల్దేరుతుంటే రెండుసార్లు నన్ను ఆపి, పళ్ళెం జాగ్రత్త అన్నాడు. మీరు ఆయనకి ఏమవుతారు?"

గడప మీద నిలబడి వీధంతా వినేలా చెప్పిన మాట ఇప్పుడు బులోర్ నోట్లోనే ఉంది. చెబితే ఆ మాట కుమ్మరి వీధికి చేరుతుంది, తమార్ కోసం వాళ్ళు వస్తారు. తల్లి జవాబు చెప్పకుండా నిలబడటం తమార్ ఎప్పుడూ ఎరగదు. ఒక క్షణం ఆగి, అమ్మకి గుర్తు రాలేదేమో, నాకు తెలుసు కదా అన్నట్టు, నాన్న ముడి మీద వేలు పెట్టి నోరు తెరిచింది.